కొలతకు అందని నష్టం: రేపటి వాతావరణ విధానం, దేశాల మధ్య సహకారం

ఒక చోట, ఒక రోజున గాలిలో ఉండే వేడి, తేమ, వాన, గాలి వేగం మొదలైన వాటి స్థితిని వాతావరణం అంటాము. అదే చోట ఆ స్థితులను దీర్ఘకాలం గమనించి, వాటి సగటునూ, ఆ సగటుకు అటూ ఇటూ సాగే ఊగిసలాటనూ లెక్కగట్టగా తేలేది శీతోష్ణస్థితి. ప్రపంచ వాతావరణ సంస్థ ఈ లెక్కకు 30 సంవత్సరాల కాలాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. కనుక ఒక ఏడాది ఎండ ముదిరినంత మాత్రాన శీతోష్ణస్థితి మారిందనరాదు. ఒక 30 ఏళ్ల సగటు అంతకు ముందరి 30 ఏళ్ల సగటు నుంచి ఒకే దిశలో తొలగిపోతూ, ఆ తొలగింపుకు మనిషి చేతలే ప్రధాన కారణమని భౌతికశాస్త్రం నిరూపించగలిగినప్పుడు, దానినే నేటి వ్యవహారంలో వాతావరణ మార్పు అంటున్నాము.

ఈ మార్పును ఎదుర్కొనే విధానానికి మూడు శాఖలున్నాయి. మార్పుకు కారణమైన వాయువుల విడుదలను తగ్గించడం ఉద్గార నియంత్రణ. ఇప్పటికే వచ్చిన మార్పుకూ, ఇక రాక తప్పని మార్పుకూ తగినట్టు పంటలను, ఇళ్లను, నీటి వనరులను, జీవనోపాధులను సవరించుకోవడం అనుసరణ. ఎంత నియంత్రించినా, ఎంత సవరించుకున్నా మిగిలిపోయే చేటును ఎవరు భరించాలో తేల్చడం నష్టపరిహరణ. మొదటి శాఖ విషయంలో దేశాలు ఎంతగా వాదించుకున్నా వాటి నడుమ ఒక ఉమ్మడి కొలత ఉంది, అది టన్ను. ఎవరు ఎన్ని టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలారో, ఎన్ని తగ్గించారో చెప్పుకోవచ్చు, తప్పు పట్టవచ్చు, బేరమాడవచ్చు. మిగిలిన రెండు శాఖలకు అటువంటి కొలత నేటికీ స్థిరపడలేదు. రాబోయే దశాబ్దపు అంతర్జాతీయ విధానం మొట్టమొదట పూరించవలసిన వెలితి ఇదేనని నా నిశ్చితాభిప్రాయం. సదస్సులు జరిగే మహానగరాల నుంచి కంటే రెడ్డిగూడెం లాంటి మెట్ట మండలం నుంచి చూసినప్పుడు ఈ వెలితి స్పష్టంగా కనబడుతుంది.

తిరువూరు రెవిన్యూ డివిజన్‌లోని రెడ్డిగూడెం మండలం 2022 ఏప్రిల్‌లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడేదాకా కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. కృష్ణా జిల్లా అనగానే మనసులో మెదిలే డెల్టా కాలువలు, వరిచేలు ఇక్కడ లేవు. నూజివీడు, విస్సన్నపేట, మైలవరం, ఎ.కొండూరులతో కలిసి ఈ మండలం మామిడికి పెట్టింది పేరు. బంగినపల్లి, కలెక్టర్ అని పిలుచుకునే తోతాపురి, చిన్నరసం, పెద్దరసం ఇక్కడి తోటల్లో ప్రధానమైన రకాలు. విజయవాడ దగ్గరి నున్న మార్కెట్ ఈ ప్రాంతపు కాయకు పెద్ద అంగడి. వరి పోతే మరుసటి కారులో మరో పైరు వేసుకోవచ్చు. మామిడి పెట్టిన రైతు మాత్రం కొన్ని దశాబ్దాల శీతోష్ణస్థితిని నమ్మి మొక్క నాటుతాడు. అందుచేత వాతావరణ మార్పు స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి మామిడి తోట కంటే తగిన పాఠ్యాంశం మన ప్రాంతంలో మరొకటి ఉందనుకోను.

మామిడి కొమ్మ చివరి మొగ్గ ఆకు చిగురు కావచ్చు, పూగుత్తి కావచ్చు. ఏది కావాలో నిర్ణయించేవి ప్రధానంగా రెండు: ఆ కొమ్మ ముదురుదనం, శీతకాలపు రాత్రుల చల్లదనం. వానలు వెనకబట్టి, నేల కొంత ఆరి, రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కంటే దిగి కొన్ని వారాలు నిలకడగా ఉంటే, ముదిరిన కొమ్మలు డిసెంబరు, జనవరి నెలల్లో పూత పడతాయి. రాత్రులు వెచ్చగా గడిచినా, అకాల వర్షంతో నేల తడిసినా, పూత రావలసిన కొమ్మ ఆకు తొడుగుతుంది. పూత వచ్చాక మబ్బు పట్టి తేమ నిలిస్తే తేనెమంచు పురుగు, బూడిద తెగులు పెచ్చుపెరుగుతాయి. పిందె దశలో వేడిగాలి తగిలితే పిందె రాలుతుంది. కాయ తయారయ్యే ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వీస్తే కోతకు వచ్చిన కాయ నేలపాలవుతుంది. ఇలా ఒకే చెట్టు ఆరు నెలల కాలంలో ఉష్ణోగ్రతకూ, తేమకూ, గాలికీ వేర్వేరు దశల్లో వేర్వేరు విధాలుగా లోబడి ఉంటుంది. ఇంతటి సున్నితమైన వ్యవహారాన్ని ఒక్క అంకెలో చెప్పడం ఎంత కష్టమో పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉంటారు.

ఇక కారణం సంగతి. సూర్యుని వెలుగు గాలిని దాటి నేలను వేడెక్కిస్తుంది. వేడెక్కిన నేల పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. ఈ కిరణాలను పీల్చి కొంత వేడిని తిరిగి నేలవైపు పంపేవి హరితగృహ వాయువులు: నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మొదలైనవి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా ఉన్న బొగ్గుపులుసు వాయువు, 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతం మీద కొలత మొదలుపెట్టేనాటికి 315 పాళ్లు అయింది. ఇప్పుడు 420 దాటింది. మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్లలో క్షీణిస్తుంది. బొగ్గుపులుసు వాయువులో గణనీయమైన భాగం మాత్రం శతాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. అంటే నేటి వేడికి నేటి పొగతో పాటు నూరేళ్ల కిందటి పొగ కూడా కారణమే. ఈ ఒక్క భౌతిక సత్యం నుంచే అంతర్జాతీయ న్యాయానికి సంబంధించిన సగం వివాదాలు పుట్టాయి.

కాలుష్యాన్ని స్థానికం, సార్వత్రికం అని రెండుగా వర్గీకరించవచ్చు. రెడ్డిగూడెం ఉన్న జిల్లాలోనే, ఇబ్రహీంపట్నంలో, 1979లో తొలి యూనిట్ మొదలైన నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం ఈ తేడాను బోధించడానికి చక్కని ఉదాహరణ. అక్కడ బొగ్గు మండగా మిగిలే బూడిద రేణువులు గాలికి లేచి చుట్టుపక్కల ఊళ్ల మీదే పడతాయి. దానిని అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వమూ, కాలుష్య నియంత్రణ మండలీ చాలు. అదే పొగగొట్టం నుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువు ఏడాది రెండేళ్లలో భూగోళమంతటి గాలిలో కలిసిపోతుంది. టెక్సాస్‌లో మండిన బొగ్గు, షాంఘైలో మండిన బొగ్గు, ఇబ్రహీంపట్నంలో మండిన బొగ్గు రెడ్డిగూడెం పూత మీద చూపే ప్రభావంలో, టన్నుకు టన్నుగా చూస్తే, ఏ భేదమూ లేదు. రెడ్డిగూడెం రైతు వాటిలో దేనినీ ఆపలేడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ, భారత ప్రభుత్వమూ కూడా ఒంటరిగా ఆపలేవు.

ఊరి చెరువు పూడిక తీయడానికి ఇంటికొకరు రావాలని కట్టుబాటు చేసుకున్నప్పుడు, రానివాడి చేనుకూ నీరు పారుతుంది కనుక మానుకోవాలనే ఆశ ప్రతి ఒక్కరికీ కలుగుతుంది. చెరువు నిలవాలంటే ఎవరు వచ్చారో లెక్క ఉండాలి, పెద్ద కమతం ఉన్నవాడు ఎక్కువ పని పెట్టాలి, రాలేని పేదకు వెసులుబాటు ఉండాలి. ఆర్థికశాస్త్రంలో ప్రజాహిత వస్తువు అనే భావనకు సారం ఇదే. లెక్క, తాహతును బట్టి పాలు, వెసులుబాటు అనే ఈ మూడూ కుదిరిన చోట దేశాల మధ్య సహకారం నిజంగా ఫలించింది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం అందుకు నిదర్శనం. ఓజోన్ పొరను హరించే రసాయనాలు ఏవో జాబితాగా తేలాయి, తయారీదారులు కొద్దిమందే కనుక లెక్కకు దొరికారు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు పదేళ్ల అదనపు గడువు ఇచ్చారు, వాటికయ్యే అదనపు ఖర్చు భరించడానికి 1990లో లండన్‌లో బహుపాక్షిక నిధి ఏర్పరచారు. ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఓజోన్ పొర కోలుకుంటోంది.

వాతావరణ మార్పు విషయంలో దారి ఇంత సాఫీగా సాగలేదు. 1992లో రియో డి జనీరోలో సంతకాలకు పెట్టిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 'ఉమ్మడివే అయినా వేర్వేరు స్థాయిల బాధ్యతలు' అనే సూత్రాన్ని నెలకొల్పింది. 1997 నాటి క్యోటో ఒప్పందం పారిశ్రామిక దేశాలు 2008–2012 మధ్య తమ ఉద్గారాలను 1990 స్థాయి కంటే సుమారు 5 శాతం తగ్గించాలని శాసించింది. అమెరికా సంతకం చేసి కూడా ఆమోదించలేదు. 2015 నాటి పారిస్ ఒప్పందం శాసించడం మాని, ప్రతి దేశమూ తన తోడ్పాటును తానే ప్రకటించి ఐదేళ్లకొకసారి పెంచుకుంటూ పోవాలన్నది. భూతాపాన్ని 2 డిగ్రీలకు బాగా దిగువన నిలపాలని, 1.5 డిగ్రీలకు పరిమితం చేసే ప్రయత్నం చేయాలని లక్ష్యం పెట్టింది. భారతదేశం 2030 నాటికి స్థూల ఉత్పత్తిలో రూపాయికి వెలువడే ఉద్గారాలను 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తాననీ, 2070 నాటికి నికర శూన్య స్థితికి చేరతాననీ ప్రకటించింది. ఈ చరిత్ర మరోచోట విస్తారంగా దొరుకుతుంది కనుక ఇక్కడ ఇంతటితో విడిచి, అంతగా ప్రచారంలో లేని ఒక ఘట్టాన్ని వివరిస్తాను. నా వాదానికి అది మూలస్తంభం.

నీరు నిలిచిన వరిమడిలో అడుగు బురదకు ప్రాణవాయువు అందదు. అక్కడి సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి మీథేన్‌ను పుట్టిస్తాయి. అది ఎక్కువగా వరి మొక్క కాడల గుండానే గాలిలోకి వస్తుంది. 1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ సంస్థ, భారత వరిచేలు ఏడాదికి సుమారు 3.78 కోట్ల టన్నుల మీథేన్ వదులుతున్నాయని అంచనా వేసింది. పాశ్చాత్య దేశాల మడుల్లో కొలిచిన రేటును మన దేశపు వరి విస్తీర్ణంతో హెచ్చవేసి తేల్చిన సంఖ్య అది. ఒడంబడిక రూపకల్పన జరుగుతున్న రోజుల్లోనే భూతాపానికి బాధ్యులుగా చూపే దేశాల వరుసలో భారతదేశాన్ని పైకి ఎక్కించడానికి ఇటువంటి లెక్కలు తోడ్పడ్డాయి. కృష్ణా డెల్టా కౌలురైతు పండించే తిండిగింజలూ, ధనిక దేశపు కార్ల పొగా ఒకే పద్దులో చేరాయి. ఈ అన్యాయాన్ని 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ తమ రచనలో ఎండగట్టి, బతకడానికి వెలువడే ఉద్గారాలు వేరు, విలాసానికి వెలువడేవి వేరని వాదించారు.

వాదన ఒక్కటే అయితే అది వాదనగానే మిగిలిపోయేది. అదే ఏడాది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన డాక్టర్ ఎ.పి. మిత్ర నాయకత్వంలో దేశంలోని అనేక వరి ప్రాంతాలలో కొలత యజ్ఞం సాగింది. దాని పద్ధతి చూడడానికి సాదాది, ఆచరణలో శ్రమతో కూడినది. వరి దుబ్బుల మీద పారదర్శకమైన పెట్టెను బోర్లించి, కొంత వ్యవధికొకసారి లోపలి గాలిని సిరంజితో తీసి, ఆ నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించి మీథేన్ పెరుగుదలను కనుక్కోవాలి. ఈ పని చేలగట్ల మీద, నాటు నుంచి కోత దాకా సాగాలి. ఫలితం ఏడాదికి సుమారు 40 లక్షల టన్నులు, అంటే ముందరి అంచనాలో దాదాపు తొమ్మిదో వంతు. మన వరి భూముల్లో పెద్ద భాగం వానాధారం కావడం, తడీ ఆరుదలా మారి మారి రావడం ఇందుకు ముఖ్య కారణాలు. ఆ సంఖ్య అంతర్జాతీయ లెక్కల్లో స్థానం సంపాదించింది. ఉద్గారాల పద్దు రాసే సర్వదేశీయ మార్గదర్శకాలు, స్థానికంగా కొలిచిన అంకె ఉంటే దానినే వాడాలని చెబుతాయి. చర్చల బల్ల దగ్గర మన దేశపు గొంతుకు బలమిచ్చినది ఆవేశం కాదు, మడిలో బోర్లించిన ఆ పెట్టె.

ఇప్పుడు మామిడి తోట వైపు తిరిగితే అటువంటి పెట్టె ఏదీ కనిపించదు. పారిస్ ఒప్పందం 7వ అధికరణం అనుసరణకు ప్రపంచ లక్ష్యం ఒకటి ఉండాలన్నది, కానీ దానికి అంకె పెట్టలేదు. 2023లో దుబాయ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు ఆ లక్ష్యానికి ఒక చట్రం సమకూర్చింది. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలేం సదస్సు 59 సూచికల జాబితాను, ఐచ్ఛికమైనవంటూ, ఆమోదించింది. ఇది ముందడుగే. అయితే సూచిక అన్నది ఖాళీ గడి మాత్రమే, అందులో నింపవలసిన పరిశీలన గ్రామం నుంచి రావాలి. 'వ్యవసాయ ఉత్పత్తిపై వాతావరణ ప్రభావం' అనే గడిలో రెడ్డిగూడెం పూత ఎన్ని రోజులు ముందుకో వెనక్కో జరిగిందో, ఎన్ని కొమ్మలు పూయక చిగిర్చాయో చేరనంతకాలం, ఆ రైతు నష్టం దేశపు సగటులో కరిగిపోతుంది.

కొలత లేనిచోట ధనం కూడా చేరదు. అభివృద్ధి చెందుతున్న దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగన్‌లో ఇచ్చిన మాట 2022లో గాని నెరవేరలేదని ధనిక దేశాల సంస్థ అయిన ఓఈసీడీయే లెక్కతేల్చింది. అందులోనూ సగానికి మించి రుణాలే. 2024లో బాకూ సదస్సు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్ల లక్ష్యాన్ని ప్రకటించినప్పుడు భారత ప్రతినిధులు అది అవసరానికి ఏమాత్రం సరిపోదని గట్టిగా అభ్యంతరం తెలిపారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025 నివేదిక ప్రకారం, అనుసరణకు మాత్రమే 2035 నాటికి ఏటా 31,000 నుంచి 36,500 కోట్ల డాలర్లు కావాలి. 2023లో అంతర్జాతీయ ప్రభుత్వ నిధులుగా అందినది సుమారు 2,600 కోట్లు. ఈ అంతరానికి ధనిక దేశాల నిరాసక్తత ప్రథమ కారణమే, సందేహం లేదు. కానీ సౌర విద్యుత్కేంద్రానికి అప్పు ఇచ్చినవాడు ఆదా అయిన టన్నులను చూపగలడు. మామిడి తోటకు సాయం చేసినవాడు చూపవలసింది ఏమిటన్నదే ఇంకా తేలలేదు.

నష్టాన్ని స్పష్టంగా చూపగలిగిన చోట సహాయం ఎలా దిగివస్తుందో మన పాత కృష్ణా జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. క్యోటో ఒప్పందం కింద ఏర్పడ్డ అనుసరణ నిధికి మూలధనం విచిత్రమైన దారిలో సమకూరింది: ఉద్గారాల తగ్గింపు కోసం చేపట్టిన స్వచ్ఛాభివృద్ధి పథకాల కింద పుట్టిన ఉద్గార పత్రాలలో 2 శాతాన్ని ఆ నిధికి కేటాయించారు. మన దేశంలో ఆ నిధికి జాతీయ నిర్వహణ సంస్థగా గుర్తింపు పొందినది నాబార్డు. ఆ దారిన ఏడు లక్షల డాలర్లకు కొంచెం తక్కువ మొత్తం కృష్ణా జిల్లా తీరానికి చేరింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ చేపట్టిన ఆ పథకంలో మడ అడవుల పునరుద్ధరణ, ఉప్పుదేరిన నేలలో చెరువు తవ్వి గట్ల మీద మడ మొక్కలు పెంచుతూ లోపల చేపలను సాకే పద్ధతి ప్రధానాంశాలు. సముద్రమట్టం పెరుగుదలను అలల కొలమానాలు, ఉపగ్రహాలు మిల్లీమీటర్లలో చెబుతున్నాయి, ఉప్పు చొరబాటును నేల పరీక్ష చెబుతుంది. ఆ జిల్లా దక్షిణపు కొసన ఉన్న సమస్యకు అంకె ఉంది, ఉత్తరపు కొసన ఉన్న మెట్ట తోటల సమస్యకు లేదు.

కొలతను దేశాలు పంచుకున్న చోట సహకారం ఫలిస్తుందనడానికి తుపాను హెచ్చరికలు మరో ఉదాహరణ. వాతావరణ పరిశీలనకు దేశాల సరిహద్దులు అడ్డు కారాదన్న సంగతిని పంచేటి కోటేశ్వరం వంటి మన శాస్త్రవేత్తలు ఎప్పుడో గ్రహించారు. ఆయన 1958లో వెలువరించిన పరిశోధన ద్వారా లోకానికి తెలిసిన ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం ఆగ్నేయాసియా నుంచి ఆఫ్రికా దాకా సాగేది, దానిని ఏ ఒక్క దేశపు బెలూన్లూ పూర్తిగా చూడలేవు. 1972లో బంగాళాఖాత, అరేబియా సముద్ర తీర దేశాలు తుపానుల మీద ఉమ్మడి మండలి ఏర్పరచుకున్నాయి. ఆ మండలి ఏర్పడిన ఐదేళ్లకే, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపానుకు మయన్మార్ ఇచ్చిన మిగ్‌జాం అనే పేరు, అది పుట్టకముందే జాబితాలో ఉంది. దాని గమనం రోజుల ముందే జిల్లా అధికారులకు తెలుసు. ఆ వానగాలులకు పంటలు దెబ్బతిన్నాయి, కానీ ప్రాణనష్టాన్ని దివిసీమతో పోల్చడానికి లేదు. సమాచారం పంచుకోవడమే ఇక్కడ సహకారం. దానికయ్యే ఖర్చు స్వల్పం, ఫలం అపారం. పూతకాలపు రాత్రి ఉష్ణోగ్రతలకు కూడా ఇటువంటి ముందస్తు సూచన, వారాల ముందుగా, మండల స్థాయిలో ఇవ్వడం సాంకేతికంగా సాధ్యమయ్యే దిశలోనే శాస్త్రం సాగుతోంది.

ఒక విపత్తులో వాతావరణ మార్పు పాలు ఎంతో తేల్చే కారణనిర్ణయ శాస్త్రం ఇంకా నూతనమైనది. రెడ్డిగూడేనికి పొరుగున మైలవరం పరిసరాల కొండల్లో పుట్టే బుడమేరు వాగు 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడలోని విశాలమైన ప్రాంతాన్ని ముంచింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. దీనిని చూసి 'ఇది వాతావరణ మార్పే' అనడం తొందరపాటు, 'కానే కాదు' అనడమూ తొందరపాటే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదన్నది స్థిరమైన సూత్రం. అంతటి వాన కురిసే సంభావ్యత, వేడెక్కని ఊహాప్రపంచంలో ఎంత, నేటి ప్రపంచంలో ఎంత అని నమూనాల ద్వారా పోల్చి ఆ నిష్పత్తిని చెప్పడమే కారణనిర్ణయం. గండ్లు పడ్డ కట్టలు, కుంచించుకుపోయిన వాగు దారి వంటి మన చేతి లోపాలను దాని నుంచి వేరు చేయాలి. 2022లో షర్మ్ ఎల్ షేక్‌లో నిర్ణయించి, మరుసటి ఏడు దుబాయ్‌లో ప్రారంభించిన నష్ట సహాయ నిధి రేపు ఇటువంటి విభజననే అడిగే అవకాశం ఉంది.

పంటల బీమా కూడా ఈ కొలత సమస్యనే మరో రూపంలో చూపుతుంది. వాతావరణ ఆధారిత బీమాలో తోటకు వచ్చి నష్టాన్ని అంచనా వేయరు. సమీప వాతావరణ కేంద్రంలో నమోదైన వాన, వేడి, గాలి ఒక నిర్ణీత హద్దును దాటితే పరిహారం వస్తుంది. వేగం, పారదర్శకత దీని గుణాలు. కేంద్రం దగ్గర ప్రశాంతంగా ఉండి, కొండ అవతలి తోటలో ఈదురుగాలి కాయనంతా రాల్చినప్పుడు రైతుకు ఏమీ దక్కకపోవడం దీని దోషం. కేంద్రానికీ తోటకూ మధ్య దూరం పెరిగే కొద్దీ ఈ దోషమూ పెరుగుతుంది. కనుక అంతర్జాతీయ సహాయాన్ని బీమా రుసుముల రాయితీకి వెచ్చించడం కంటే, దట్టమైన వాతావరణ కేంద్రాల వ్యవస్థకు వెచ్చించడం దీర్ఘకాలంలో మేలని నా తలంపు.

మామిడి తోటలను కర్బన పత్రాల విపణిలో పెట్టి, అంటే అవి దాచుకునే కర్బనాన్ని పత్రాలుగా అమ్మి, రైతుకు ఆదాయం చేకూర్చవచ్చునన్న మాట ఇటీవల వినబడుతోంది. ఇక్కడ నిర్వచనాలు కఠినంగా పాటించాలి. అదనత్వం అంటే ఆ పత్రపు ధనం లేకుంటే ఆ పని జరిగి ఉండేది కాదని చూపగలగడం. స్థిరత్వం అంటే చెట్టులోనో నేలలోనో చేరిన కర్బనం దశాబ్దాల పాటు తిరిగి గాలిలో కలవకపోవడం. ఇరవై ఏళ్ల కిందట కాయ కోసం నాటిన తోటకు అదనత్వం లేదు, తోట ముసలిదై నరికితే స్థిరత్వమూ లేదు. రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం విషయం వేరు. జీవామృతం, తొలకరికి ముందే విత్తే నవధాన్యాలు, నేలను ఎండకు వదలని పచ్చని కప్పు: వీటి వల్ల నేలకు కలిగే మేలు ముందుగా అనుసరణ, ఆ తరువాతే కర్బన నిల్వ. 2018లో 60 లక్షల మంది రైతులను 2024 నాటికి ఈ మార్గంలోకి తేవాలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమ ప్రతినిధుల సమక్షంలో ప్రకటించారు. ఆ గడువుకు ఆ సంఖ్య చేరలేదు. అయినా 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతిని, నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ ఈజిప్టు సంస్థ సెకెమ్‌తోనూ కలిసి అందుకున్న కార్యక్రమం ఇది. దీని విలువను టన్నుల్లోకి కుదిస్తే అసలు గుణం కనబడకుండా పోతుంది.

మరి అనుసరణకు కొలతను ఎవరు తయారు చేయాలి? తెలుగు రైతులు ఒకసారి చేసి చూపారు. ఈ శతాబ్ది తొలి దశకంలో నెదర్లాండ్స్ ధనసహాయంతోనూ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోనూ అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ వంటి ఏడు కరువు జిల్లాలలో రైతుల భూగర్భజల నిర్వహణ పథకం సాగింది. రైతులే బోరుబావుల్లో నీటిమట్టం కొలిచారు, వానమాపకం చూసి వర్షపాతం రాశారు, ఆ అంకెలను ఊరి గోడల మీద అందరికీ కనబడేలా ఉంచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని బడ్జెట్ వేసుకున్నారు. పైరు మార్చుకోవాలని ఎవరూ ఆజ్ఞాపించలేదు, లెక్క చూసి చాలామంది తామే మార్చుకున్నారు. అంతర్జాతీయ సహకారం గ్రామస్థుని చేతికి కొలపరికరాన్ని అందించి పక్కకు తప్పుకోవడం అంటే ఇదే. ఈ నమూనా ఎందుకు విస్తరించలేదన్నది మన విధానకర్తలు ఆలోచించవలసిన ప్రశ్న.

మామిడికి కావలసిన పరికరాలు అంతకంటే చవక. ఎంపిక చేసిన తోటల్లో కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణమాపకం, వానమాపకం. ప్రతి తోటలో గుర్తు వేసిన కొన్ని చెట్లు. వాటి తొలి మొగ్గ తేదీ, సగం కొమ్మలు పూసిన తేదీ, బఠాణీ గింజంత పిందె నిలిచిన తేదీ, కోత తేదీ, చెట్టుకు కాయ బరువు, మందు పిచికారీల సంఖ్య. గ్రామ ఉద్యాన సహాయకులు, రైతు సేవా కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. నమోదు పద్ధతిని శాస్త్రీయంగా తీర్చడానికి నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. నిన్నటి లెక్క కూడా పూర్తిగా పోలేదు. కమీషన్ దుకాణం వారు కాయ దించిన రోజున ఇచ్చే పట్టీలో తేదీ, బరువు, ధర ఉంటాయి. పాత పట్టీలను కట్టలు కట్టి దాచుకున్న ఇళ్లు ఈ ప్రాంతంలో తప్పక ఉంటాయి. వాటిని సేకరించి వరుసపెడితే కోతకాలం దశాబ్దాలుగా ఎటు జరుగుతోందో తెలుస్తుంది. ఫ్రాన్సులోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోత తేదీలు 1354 నుంచి, జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్ది నుంచి ఇలా కూర్చినవే. యూరప్, జపాన్‌ల గత శీతోష్ణస్థితికి నేడు శాస్త్రవేత్తలు సాక్ష్యంగా చూపుతున్నవి ఆ పాత డైరీలు, పద్దు పుస్తకాలే. మామిడి పండే బ్రెజిల్, మెక్సికో, ఆస్ట్రేలియా, ఫిలిప్పీన్స్ తోటలతో ఒకే నమూనా పత్రం మీద ఈ నమోదు జరిగితే, ఉష్ణమండల ఉద్యాన పంటల నష్టానికి తొలి ఉమ్మడి కొలత సిద్ధమవుతుంది.

పారిస్ ఒప్పందం కింద తొలి ప్రపంచ సమీక్ష 2023లో ముగిసింది. రెండవది 2028లో ముగియాలి. అందుకు సమాచారం ముందు నుంచే చేరుతుంది. ప్రతి దేశమూ రెండేళ్లకొకసారి ఇవ్వవలసిన పారదర్శకతా నివేదికలో అనుసరణకు ఒక అధ్యాయం ఉంటుంది, దానిని ఎలా నింపాలన్నది ఆ దేశం ఇష్టం. ఉద్యాన పంటలకు అందులో ప్రత్యేక పట్టిక ఉండాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖను కోరవచ్చు, కోరడానికి కొత్త చట్టం ఏదీ అక్కర్లేదు. మండలానికి పది తోటలతో, రెడ్డిగూడెం నుంచి నూజివీడు దాకా ఒకే పత్రంతో, మార్గశిరంలో తొలి మొగ్గ కనబడేనాటికి ఉష్ణమాపకాలు చెట్ల కింద బిగించి ఉంటే ఆ పట్టికకు మొదటి వరుస తయారవుతుంది.